చెరకు బండి నుండి మరమనిషి వరకు

నిజామాబాదు జిల్లా బోధన్ పట్టణాన్ని ఆనుకొని శక్కర్‌నగర్ అనే పేట ఉన్నది. దాని పేరులోనే చక్కెర ఉన్నది. 1937లో నిజాం చక్కెర కర్మాగారము అక్కడ వెలసినది మొదలు డెబ్బై ఏండ్లకు పైగా, చెరకు నరికే కాలము వచ్చినదంటే చాలు, చుట్టుపట్ల ఊళ్ల నుండి బండ్లు బారులు తీరి ఆ పేటకు చేరుతూ ఉండేవి. తొలినాళ్లలో వచ్చినవి ఎడ్లబండ్లు; తరువాత ట్రాక్టర్లు, లారీలు.

ఆ బారులో నిలిచిన రైతుకు తన బండి సంగతే తెలుసు. తన తోట ఎప్పుడు ముదిరినది, నరకడానికి తనకు చీటీ ఏనాటికి వచ్చినది, అంతవరకే అతని లెక్క. మిల్లు లోపల రోలర్ల వద్ద నిలిచిన కార్మికునికి రోలర్ల సంగతే తెలుసు. కాలువ మీది లష్కరుకు తన తూము సంగతే తెలుసు. హైదరాబాదులో బస్తా కొన్న వర్తకునికి ఆనాటి ధర మాత్రమే తెలుసు. మొత్తము కథ తెలిసినవాడు వీరిలో ఒక్కడూ లేడు. అయినను ఏటేటా చెరకు పండినది, బండి కదిలినది, చక్కెర తయారైనది. మరి ఈ మొత్తమును నడిపినది ఎవరు?

ఈ ప్రశ్న చూచుటకు చిన్నదే. కాని ఇరువదవ శతాబ్దపు విజ్ఞానశాస్త్రము తనకు తాను వేసుకొన్న పెద్ద ప్రశ్నలలో ఇది ఒకటి. అనేక భాగాలు కలిసి, ఒకదానిపై ఒకటి ఆధారపడి, ఏ ఒక్క భాగములోనూ లేని నడవడిని చూపే సమూహాన్ని ‘సంక్లిష్ట వ్యవస్థ’ అంటారు. చీమల పుట్ట, మనిషి మెదడు, అంగడి ధర, చెరకు సీమ - అన్నియు ఈ కోవకు చెందినవే. వీటిని అర్థము చేసికొనే ప్రయత్నములో నుండియే కృత్రిమ మేధకును, మరమనుషుల శాస్త్రానికిని కొన్ని మూలసూత్రాలు లభించినవి. ఆ చరిత్రలో ఒక తెలుగు బిడ్డ పాత్ర కూడ గణనీయమైనది.

మంజీర నీరు, బోధన్ చెరకు

బోధన్ సీమ చెరకు సీమ అగుటకు మొదటి కారణము నీరు. మంజీరా నదిపై నిజాంసాగర్ ఆనకట్ట నిర్మాణము 1923లో ఆరంభమై 1931లో పూర్తి అయినది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ దీని నిర్మాణమును నడిపిన ఇంజనీరు. 2,75,000 ఎకరాలకు నీరు ఇవ్వవలెనని ఆనాటి ఉద్దేశము. నీరు వచ్చినది కనుక చెరకు వచ్చినది. చెరకు వచ్చినది కనుక కర్మాగారము వచ్చినది. కర్మాగారము వచ్చినది కనుక మరింత చెరకు వచ్చినది. కారణము ఏది, ఫలితము ఏది అని ఇక్కడ గీత గీసి చెప్పలేము. ఫలితము వెనుకకు తిరిగి తన కారణము మీదనే పనిచేయుచున్నది. దీనినే శాస్త్రజ్ఞులు ‘ఫీడ్‌బ్యాక్’ అంటారు.

కర్మాగారము లోపల కూడ ఇట్టి చక్రాలే తిరుగుచుండును. వంద టన్నుల చెరకును పిండినచో సుమారు పది టన్నుల చక్కెర, ముప్ఫై టన్నుల దాకా పిప్పి లభించును. ఆ పిప్పి తిరిగి బాయిలరులో ఇంధనమై, ఆవిరిని పుట్టించి, తరువాతి చెరకును పిండే రోలర్లను త్రిప్పును. రసము మడ్డి తేరుటకు సున్నము కలుపుతారు. సున్నము తక్కువైనచో చక్కెర విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజులుగా మారిపోవును. ఎక్కువైనచో రసము నల్లబడును. కాబట్టి ఒకరు రసమును పరీక్షించుచు సున్నమును సరిదిద్దుచు ఉండవలెను.

వీటన్నిటి మీదా కాలము కత్తి పట్టుకొని నిలిచి ఉన్నది. నరికిన చెరకులో చక్కెర గంట గంటకు తరుగుచుండును. ఒక రోజు లోపల గానుగ ఆడినచో మంచిది. రోలరు ఒకటి ఆగినచో బారు పెరుగును. బారు పెరిగినచో చెరకు ఎండును. చెరకు ఎండినచో రైతుకు తూకములోను, మిల్లుకు చక్కెరలోను నష్టము. మిల్లులో ఒక మూల జరిగిన చిన్న లోపము పది మైళ్ల అవతలి పొలము దాకా ప్రాకునన్నమాట.

గవర్నరు గుండ్లు

ఫీడ్‌బ్యాక్‌ను యంత్రానికి బుద్ధిపూర్వకంగా అమర్చినవారిలో జేమ్స్ వాట్ పేరు ప్రసిద్ధము. 1788లో ఆయన తన ఆవిరి యంత్రానికి రెండు ఇనుప గుండ్లు గల గవర్నరును తగిలించినాడు. యంత్రము వేగము హెచ్చినచో గుండ్లు ఎడముగా పైకి లేచి ఆవిరి ద్వారమును కొంత మూయును. వేగము తగ్గినచో గుండ్లు దిగి ద్వారమును తెరచును. కాపలా మనిషి లేకుండ యంత్రము తన్ను తాను సరిదిద్దుకొన్నది.

అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. కొన్ని యంత్రాలలో గవర్నరు వేగమును నిలుపుటకు బదులు ఊయల ఊపినట్లు ఊపేది. యంత్రము ఒకమారు మితిమీరి పరుగెత్తును, ఒకమారు నీరసించును. ఇది ఎందుకు జరుగునో 1868లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ గణితముతో చూపినాడు. సరిదిద్దే శక్తి ఉన్నంత మాత్రాన చాలదు. ఆ సరిదిద్దుట ఎంత బలముతో, ఎంత ఆలస్యముతో జరుగుచున్నది అన్నది ముఖ్యము. ఆలస్యముగా వచ్చిన మందు కొత్త రోగమును తెచ్చును.

చెరకు రైతుకు ఈ ఊయల బాగుగా తెలిసినదే. ఈ ఏడు గిట్టుబాటు ధర వచ్చినచో అందరును చెరకే నాటుతారు. పంట చేతికి రావలెనంటే పది పన్నెండు నెలలు పట్టును. ఆ సరికి చెరకు మిక్కుటమై, బండ్లు నిలిచిపోయి, చెల్లింపులు ఆలస్యమగును. విసిగిన రైతులు తోట తీసివేసి వరి వేస్తారు. మరు సంవత్సరము మిల్లుకు చెరకు చాలదు. మళ్లీ ధర పెరుగును. ఇందులో ఏ రైతూ తెలివి తక్కువ పని చేయలేదు. ప్రతివాడును తనకు తెలిసిన ధరను బట్టి సరిగానే ఆలోచించినాడు. తప్పు మనుషులలో లేదు. ధరకు, పంటకు నడుమనున్న ఆలస్యములో ఉన్నది. ఆర్థికశాస్త్రజ్ఞులు 1930లలో ఈ ఊగిసలాటను గీతలు గీసి చూపగా, ఆ బొమ్మ సాలెగూడు వలె ఉన్నందున దానికి ‘సాలెగూటి సిద్ధాంతము’ అని పేరు వచ్చినది.

1948: ఒక శాస్త్రము పుట్టిన సంవత్సరము

ఆవిరి యంత్రము, అంగడి ధర, జంతువు శరీరము - వీటన్నిటిలో ఒకే సూత్రము పనిచేయుచున్నదని అమెరికా గణితజ్ఞుడు నార్బర్ట్ వీనర్ 1948లో ఒక గ్రంథములో ప్రతిపాదించినాడు. ఈ శాస్త్రానికి ఆయన ‘సైబర్నెటిక్స్’ అని పేరు పెట్టినాడు. ఓడకు చుక్కాని పట్టువాడు అనే గ్రీకు మాట నుండి వచ్చిన పేరు ఇది. 1955-56లో వీనర్ కలకత్తాలో మహలనోబిస్ నెలకొల్పిన భారత గణాంక సంస్థలో కొన్నాళ్లుండి ఉపన్యాసాలు ఇచ్చినాడు.

అదే 1948లో వారెన్ వీవర్ అనే మరియొక శాస్త్రజ్ఞుడు శాస్త్రము ఎదుర్కొనే సమస్యలను మూడు తరగతులుగా విభజించినాడు. కారమ్ బల్లపై రెండు బిళ్లలు ఢీకొనుట మొదటి రకము. దానిని న్యూటన్ సూత్రాలతో తేల్చవచ్చును. బాయిలరులోని ఆవిరి రెండవ రకము. అందులో కోటానుకోట్ల అణువులున్నను, అవి అడ్డదిడ్డముగా తిరుగును కనుక సగటు లెక్కలు సరిపోవును. ఈ రెంటికి నడుమ మూడవ రకము ఉన్నది. భాగాలు అనేకము; కాని అవి అడ్డదిడ్డముగా తిరుగవు, ఒకదానితో ఒకటి ముడిపడి ఉండును. బోధన్ చెరకు సీమను రెండు బిళ్లలుగా భావించలేము, ఆవిరిగా భావించి సగటు కట్టలేము. ఇట్టి ‘వ్యవస్థితమైన సంక్లిష్టత’యే రాబోవు అర్ధశతాబ్దములో శాస్త్రానికి పని కల్పించునని వీవర్ చెప్పినాడు. ఈ పనికి కొత్తగా వచ్చిన ఎలక్ట్రానిక్ గణనయంత్రాలు తోడ్పడునని కూడ ఆయన గుర్తించినాడు.

ఇంగ్లండులోని బ్రిస్టలులో గ్రే వాల్టర్ అనే మెదడు శాస్త్రజ్ఞుడు 1948-49లో ఎల్మర్, ఎల్సీ అనే రెండు మర తాబేళ్లను తయారుచేసినాడు. వాటి ‘మెదడు’లో నరకణముల బదులు రెండే రేడియో వాల్వులు ఉన్నవి. వెలుతురును చూచే ఒక కన్ను, తాకుడును తెలిసికొనే ఒక పెంకు, అంతే సామగ్రి. అయినను అవి దీపము వైపు నడిచేవి, మరీ ప్రకాశమైనచో వెనుదిరిగేవి, అడ్డము వచ్చిన కుర్చీని తప్పుకొని పోయేవి. చూచువారికి అవి ప్రాణము గలవానివలె తోచినవి. కొద్దిపాటి భాగాలైనను, పరిసరాలతో ముడిపడినప్పుడు నడవడి ఎంత చిత్రముగా మారునో ఆ బొమ్మలు చూపినవి.

కాటూరు నుండి పిట్స్‌బర్గుకు

బోధన్ కర్మాగారము స్థాపింపబడిన 1937లోనే చిత్తూరు జిల్లా కాటూరు గ్రామములో ఒక వ్యవసాయ కుటుంబములో దబ్బల రాజగోపాలరెడ్డి జన్మించినారు. ప్రపంచము ఆయనను రాజ్ రెడ్డిగా ఎరుగును. మదరాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో 1958లో పట్టము పొంది, ఆస్ట్రేలియాలో పై చదువు ముగించి, కొంతకాలము అక్కడ ఐ.బి.ఎం. సంస్థలో పనిచేసి, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్లినారు. ‘కృత్రిమ మేధ’ అనే పేరును వ్యాప్తికి తెచ్చిన జాన్ మెకార్తీ వద్ద పరిశోధన చేసి 1966లో డాక్టరేటు పొందినారు. మనిషి మాటను యంత్రము గుర్తించుట ఆయన చేపట్టిన విషయము.

1969లో రాజ్ రెడ్డిగారు పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో చేరినారు. ఆ విశ్వవిద్యాలయములోనే హెర్బర్ట్ సైమన్ ఉన్నాడు. సైమన్ 1962లో సంక్లిష్టతను గూర్చి వ్రాసిన వ్యాసములో ఇద్దరు గడియారాల పనివారి కథ ఉన్నది. వారు చేసే గడియారానికి వేయి భాగాలు. మొదటివాడు వేయి భాగాలనూ ఒకే వరుసలో కూర్చును; నడుమ ఎవరైనా పిలిచినచో చేతిలోనిది విడిపోవును, మళ్లీ మొదటి నుండి మొదలు. రెండవవాడు పదేసి భాగాలను ఒక ముక్కగా, పది ముక్కలను ఒక పెద్ద ముక్కగా కూర్చును. పిలుపు వచ్చినచో చివరి చిన్న ముక్క మాత్రమే పోవును. ఒక్కొక్క భాగమును చేర్చునప్పుడు నూటికి ఒక్కమారు అంతరాయము కలుగునని లెక్కించినచో, మొదటివానికి రెండవవాని కంటె సుమారు నాలుగువేల రెట్లు కాలము పట్టును. ప్రకృతిలో నిలిచి ఉండే సంక్లిష్ట వ్యవస్థలు సాధారణముగా అంతస్తులు అంతస్తులుగా ఉండుటకు కారణము ఇదియేనని సైమన్ భావించినాడు.

1969లో ఆయన మరియొక ఉపమానము చెప్పినాడు. సముద్రపు ఇసుకపై చీమ నడిచిన దారి వంకరటింకరగా ఉండును. ఆ వంకరలు చీమ బుద్ధిలో లేవు. ఇసుకలోని ఎత్తుపల్లాలలో ఉన్నవి.

నల్లబల్ల ముందు నిపుణులు

1971లో అమెరికా రక్షణశాఖ పరిశోధనా సంస్థ ఒక ఐదేండ్ల పథకమును ఆరంభించినది. వేయి మాటల పరిధిలో మనిషి ధారాళముగా మాట్లాడే వాక్యమును యంత్రము అర్థము చేసికొనవలెను. ఇది ఎంత కష్టమో ఒక ఉదాహరణ చూడవచ్చును. గాలి హోరున వీచునప్పుడు దూరము నుండి ఒకడు పిలిచి చెప్పిన మాట ‘మేకకు నీళ్లు పెట్టు’ అన్నదో, ‘మొక్కకు నీళ్లు పెట్టు’ అన్నదో చెవికి తెలియదు. విన్నవాడు పాక వద్ద ఉన్నాడా, తోటలో ఉన్నాడా అన్నదానిని బట్టి మనసు నిర్ణయించుకొనును. చెవి, పదజ్ఞానము, వ్యాకరణము, సందర్భము - నాలుగును ఒకదానికొకటి సాయపడవలెను. ఏది ముందు, ఏది వెనుక అని నిర్ణయించుట సాధ్యము కాదు.

రాజ్ రెడ్డిగారును, వారితోడివారగు లీ ఎర్మన్, విక్టర్ లెస్సర్, ఫ్రెడరిక్ హేజ్-రోత్ మున్నగువారును ‘హియర్సే-2’ అనే పథకములో దీనికి ఒక ఉపాయము పన్నినారు. యంత్రము లోపల ఒక ‘నల్లబల్ల’ ఉన్నదనుకొనవలెను. దాని ముందు అనేకమంది నిపుణులు కూర్చున్నారు. ఒకరికి ధ్వనులు తెలుసు, ఒకరికి అక్షరాలు, ఒకరికి పదాలు, ఒకరికి వాక్యాలు. ఎవరికి ఏ ఊహ తట్టినచో వారు దానిని బల్ల మీద వ్రాయుదురు. దానిని చూచి మరియొకరు తమ ఊహను చేర్చుదురు లేక కాదందురు. నిపుణులు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడరు. అందరి సంభాషణయు బల్ల ద్వారానే. ఏ ఊహను ముందు పరిశీలించవలెనో చూచే ఏర్పాటు ఒకటి ఉన్నను, వాక్యమంతయు ముందుగా తెలిసిన యజమాని మాత్రము ఎవరును లేరు. ఊహలు క్రింది నుండి పైకి, పై నుండి క్రిందికి ప్రవహించి, చివరకు ఒక వాక్యముగా స్థిరపడును.

పల్లెవాసులు చూచే చెదల పుట్టలోనూ ఇటువంటిదే జరుగును. ఒక చెదపురుగు మట్టి ఉండను పెట్టును. ఆ ఉండను చూచి రెండవది తన ఉండను దాని ప్రక్కన పెట్టును. వాటి మధ్య ఆజ్ఞలు లేవు. కట్టిన గోడయే తరువాతి పనిని చెప్పును. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియెర్-పాల్ గ్రాసే 1959లో దీనిని వివరించినాడు. పుట్ట గోడయే చెదలకు నల్లబల్ల.

1976లో ఫలితాలు తేలినవి. అదే విశ్వవిద్యాలయములో తయారైన ‘హార్పీ’ అనే మరియొక యంత్రవిధానము, సాధ్యమైన వాక్యాలన్నిటినీ ముందుగానే ఒక వలగా అల్లి ఉంచుకొని, 1,011 పదాల పరిధిలో హియర్సే కంటె మేలైన ఫలితమును చూపినది. అయినను నల్లబల్ల పద్ధతి వృథా పోలేదు. మాట గుర్తింపునకు దూరమైన అనేక రంగాలలో, చాలామంది నిపుణుల జ్ఞానమును ఒకచోట కూర్చవలసి వచ్చినప్పుడెల్ల, అది ఉపయోగపడినది.

మరమనుషులు, చీమలు

1979లో కార్నెగీ మెలన్‌లో రోబోటిక్స్ సంస్థ ఏర్పడినది. దాని తొలి సంచాలకులు రాజ్ రెడ్డిగారు. 1991 వరకు ఆ పదవిలో ఉన్నారు. నడిచే యంత్రాలు, తమంత తాము రోడ్డు చూచి నడుచుకొనే వాహనాలు అక్కడ రూపొందినవి. 1995లో ఆ సంస్థ వారి వాహనము ఒకటి పిట్స్‌బర్గు నుండి సాన్‌డియాగో వరకు సాగిన ప్రయాణములో నూటికి తొంబది ఎనిమిది పాళ్ల దూరము చుక్కాని తానే త్రిప్పుకొన్నది. పెద్ద కృత్రిమ మేధా వ్యవస్థలను రూపొందించినందులకు రాజ్ రెడ్డి, ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌లకు 1994లో ట్యూరింగ్ బహుమానము లభించినది.

ఈలోగా సంక్లిష్ట వ్యవస్థల శాస్త్రము తన దారిలో తాను పెరిగినది. 1984లో అమెరికాలో శాంటా ఫే సంస్థ ఈ శాస్త్రానికై ఏర్పడినది. 1986లో రాడ్నీ బ్రూక్స్ ఒక కేంద్ర మెదడు లేకుండ, పొర మీద పొరగా సరళమైన స్పందనలను పేర్చి రోబోలను నడిపే పద్ధతిని ప్రతిపాదించినాడు. 2014లో రాధికా నాగ్‌పాల్ గారి హార్వర్డు బృందము 1,024 చిన్న రోబోలను ఒక బల్లపై వదలినది. ప్రతి రోబోకు తన ప్రక్కవాని సంగతే తెలుసు. అయినను అవన్నియు కదలి కదలి నక్షత్రాకారములో నిలిచినవి. చెరకు బండ్ల బారు మాట ఇక్కడ గుర్తుకు రాక మానదు.

ఈ రెండు శాస్త్రాల కలయికలో మరియొక ఘట్టము 1982 నాటిది. జాన్ హాప్‌ఫీల్డ్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు ఒకదానితో ఒకటి ముడిపడిన అనేక కృత్రిమ నరకణాలను ఊహించినాడు. వాటి స్థితులను కొండలు, లోయలు గల నేలగా భావించవచ్చును. నేలపై పడిన వాన చినుకు ఏదో ఒక లోయకు జారినట్లు, ఆ కణాల సమూహము ఎక్కడ మొదలైనను ఏదో ఒక స్థిరమైన స్థితికి జారును. ఒక్కొక్క లోయయే ఒక్కొక్క జ్ఞాపకము. ముఖము సగమే కనిపించినను మనిషిని గుర్తుపట్టగలుగుట ఇట్టిదే. జ్ఞాపకము ఏ కణములోనూ లేదు. కణాల నడుమనున్న ముడులలో ఉన్నది. అయస్కాంత పదార్థాల భౌతికశాస్త్రము నుండి వచ్చిన ఈ ఊహను జెఫ్రీ హింటన్ మరింత ముందుకు తీసికొనిపోయినాడు. 2024లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమానము వీరిద్దరికి లభించినది. అంతకు మూడేండ్ల ముందు 2021లో ఆ బహుమానములో సగము సంక్లిష్ట వ్యవస్థలను శోధించిన జార్జియో పారిసీకి వచ్చినది.

బోధన్ చెప్పే పాఠము

ముడులలో ప్రాణము ఉన్నదనే ఈ సత్యము బోధన్ సీమకు కష్టమైన రీతిలో అనుభవమునకు వచ్చినది. నిజాంసాగర్‌లో ఒండ్రు పేరుకొని నీటి నిలువ తగ్గినది. ఎగువన సింగూరు వద్ద కట్టిన ఆనకట్ట మంజీర నీటిని హైదరాబాదు నగరపు దాహానికి కూడ పంచినది. 2002లో కర్మాగారపు యాజమాన్యములో అధిక భాగము ప్రైవేటు చేతికి పోయినది. 2015 డిసెంబరులో కర్మాగారము మూతపడినది.

మూతపడిన నాటికి నేల అలాగే ఉన్నది, కాలువలు ఉన్నవి, రైతుకు చెరకు సేద్యము తెలుసు, కార్మికునికి మిల్లు పని తెలుసు. విడివిడిగా చూచినచో భాగాలు చాలావరకు నిలిచియే ఉన్నవి. కాని వాటి నడుమనున్న ముడులు తెగిపోయినవి. మిల్లు లేనిదే రైతు చెరకు నాటడు. చెరకు లేనిదే మిల్లు నడువదు. రైతులు వరికి, ఇతర పంటలకు మరలినారు. పనివారు వేరు పనులు చూచుకొన్నారు. హాప్‌ఫీల్డ్ భాషలో చెప్పవలెనన్నచో, ఈ సీమ ఒక లోయ నుండి జారి మరియొక లోయలో స్థిరపడినది. జారుట సులభము, కొండ ఎక్కి పాత లోయకు చేరుట కష్టము. ఒక మిల్లును బాగుచేసినంత మాత్రాన అది జరుగదు. నీరు, విత్తనపు చెరకు, కోత కూలీలు, ధర హామీ, చెల్లింపు - అన్నిటిని ఒకే కాలములో కదలించవలెను. కర్మాగారమును తిరిగి తెరుచు మార్గాలను పరిశీలించుటకు 2024లో తెలంగాణ ప్రభుత్వము ఒక సంఘమును నియమించినది. ఆ పని ఎంత పెద్దదో పై లెక్కను బట్టి ఊహింపవచ్చును.

యంత్రాలకును ఇదే న్యాయము వర్తించును. నేటి కృత్రిమ మేధ కోటానుకోట్ల ముడుల సమూహము. దానిలో తప్పు దొర్లినప్పుడు ‘ఈ ఒక్క భాగము చెడినది’ అని వేలుపెట్టి చూపుట సాధారణముగా సాధ్యము కాదు. అట్టి యంత్రాన్ని వైద్యములోనో, రుణము మంజూరు చేయుటలోనో, వాహనము నడుపుటలోనో పెట్టినప్పుడు, అది మనుషుల వ్యవస్థతో ముడిపడి మరింత పెద్ద వ్యవస్థ అగును. కావున యంత్రమును మాత్రమే పరీక్షించుట చాలదు. అది చేరబోయే సమాజమును కూడ ఎరిగి ఉండవలెను.

నిజామాబాదు నుండి ముద్‌ఖేడ్ వైపు పోవు రైలు గోదావరి వంతెన దాటగానే బాసర వచ్చును. సరస్వతీ క్షేత్రముగా ఆ ఊరు అందరికి తెలిసినదే. 2008లో గ్రామీణ విద్యార్థుల కొరకు ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణాలలో ఒకటి అక్కడ వెలసినది. ఆ విశ్వవిద్యాలయానికి తొలి కులపతి రాజ్ రెడ్డిగారు. పల్లె బడులలో పదవ తరగతి ముగించిన పిల్లలు అక్కడ గణనయంత్ర విద్య నేర్చుకొనుచున్నారు. గోదావరికి ఈవల నుండి వెళ్లిన పిల్లలలో చెరకు బండ్ల బారును కన్నులార చూచిన ఇండ్ల వారును ఉందురు. ఆ బారును నడిపినది ఎవరనే ప్రశ్న వారికి పుస్తకములో దొరికే ప్రశ్న కాదు. ఇంటి ముందరి ప్రశ్న. దానికి జవాబు వెదకుటకు కావలసిన గణితము, యంత్రము ఇప్పుడు గోదావరి వంతెన దాటినంత దూరములోనే ఉన్నవి.